మూత ఉంది, గిన్నె లేదు

మా భూగర్భశాస్త్రం మాస్టారు పోయారు. మొన్న పొద్దున ఫోన్ చేసి చెప్పిన సహాధ్యాయి, ఇక మనకి రాళ్ళ గురించి చెప్పేవాళ్ళు లేరన్నాడు. అడిగేవాళ్ళు అంతకుముందే లేరు.

ఆయన తెనాలి మనిషి. రోజూ రైల్లో బాపట్లలో మా కాలేజీకి వచ్చి, రుబ్బురోలు తప్ప వేరే రాయి ఎరగని డెల్టా పిల్లలకి అగ్నిపర్వతాల కింది వేడినీటి నిల్వల గురించి చెప్పేవారు. అగ్నిపర్వతాన్ని ఆయనా చూడలేదు. అయినా పాఠానికి ముందు సెగ తగులుతుందేమో అన్నట్టు చొక్కా చేతులు మడిచేవారు.

"కింద నిప్పుంటే సరిపోదు నాయనా, నీళ్ళుండాలి. రాయికి చిల్లులుంటే చాలదు, చిల్లుకీ చిల్లుకీ దారుండాలి. ఆ దారి పగుళ్ళు వేస్తాయి. పైన బంకమన్ను మూతుండాలి. ఏది తగ్గినా అది ఉత్త వేడి రాయే" అనేవారు. పెళ్ళి సంబంధాలకీ ఇదే సూత్రం వాడతారని స్టాఫ్ రూములో వినికిడి.

మేం చివరి ఏడాదిలో ఉండగా కోర్సులో కొత్తగా ఎవరూ చేరలేదు. మూసేస్తామని ప్రిన్సిపాల్ గారు చెప్పేశారు. సరిగ్గా అప్పుడే రేపల్లె దగ్గర ఒక రైతు బోరులో వేడినీళ్ళు పడ్డాయనీ, అడుగున అగ్నిపర్వతం ఉందనీ పుకారు లేచింది. పరిశోధించాల్సిన విషయమని పేపరువాళ్ళతో ఒక్క మాటంటే అడ్మిషన్లు అవే వస్తాయని ప్రిన్సిపాల్ గారి సలహా.

మమ్మల్నీ తీసుకెళ్ళారు. అక్కడ జనం బోరుకి పసుపు రాసి, తీర్థంలా ఒక్కో బిందె పట్టుకుని మోటారు కట్టేస్తున్నారు. మాస్టారు మోటారు వేయించి, నీళ్ళ కింద చెయ్యి పెట్టి అలాగే నిలబడ్డారు. కాసేపటికి నీళ్ళు చల్లబడ్డాయి. బోరు నుంచి గట్టుదాకా నల్ల పైపు ఎండలో పడి ఉంది.

"ఇంతకీ వేడి ఉందాండి, లేదాండి?" అన్నాడు రైతు.

"ఉందండి. పైపులో."

కొబ్బరికాయ కొట్టినాయన గుర్రుగా చూశాడు. మరి కిందేముందని పేపరాయన అడిగాడు.

"ఒండ్రుమట్టి. దాని కిందా ఒండ్రుమట్టే. మూత బ్రహ్మాండంగా ఉందండి, గిన్నే లేదు."

తిరుగు బస్సులో మావాడొకడు, నెలాగి చెప్పుంటే కోర్సు బతికేది కదా సార్ అన్నాడు.

"అలా చేరినోళ్ళకి ఏం పాఠం చెప్పమంటావురా?" అన్నారాయన.

మాలో ఎవరమూ ఇప్పుడు రాళ్ళతో బతకడం లేదు. కానీ ఎవరేది వేడిగా ఉందన్నా, మోటారు కాసేపు వదిలి చూసే అలవాటు మాత్రం మిగిలింది. అది ఆయన పెట్టిందే.

కోర్సు మూతపడింది. గది కంప్యూటర్లకి కావాల్సి వస్తే, ల్యాబులో ఎవరికీ అక్కర్లేని నమూనా రాళ్ళని ఆయన తెనాలి తెచ్చుకున్నారట. మొన్న చివరిచూపుకి ఆయన ఇంటికి వెళ్ళినప్పుడు తెలిసింది. జనం కూచోడానికి వాకిట్లో పరిచిన టార్పాలిన్ గాలికి లేచిపోతుంటే, ఎవరో పెరట్లోంచి ఆ రాళ్ళలోని బసాల్టు ముక్కలు తెచ్చి మూలల మీద పెట్టారు. ఎక్కడో ఏ కొండలోంచో నిప్పుగా పారినవి, చల్లగా, కదలకుండా కూచున్నాయి.