మా వదిన తెరిపించిన నోరు

మే నెల, మంగళవారం. పొద్దుటి నుంచే వడగాలి. చేలో డ్రిప్పు పైపులు విప్పి కడిగాను. ఎండెక్కే వేళకు ఫోన్ వచ్చింది. పత్తికొండ మార్కెట్టుకు టమోటా తీసుకుపోయిన బండి మలుపులో బోల్తా పడింది. పెట్టెల కింద మా వదిన. బయటికి తీసేసరికే ప్రాణం లేదు.

రోజూ రాసుకునే పుస్తకంలో ఆ రోజు ఇంతవరకే రాశాను. మిగతాది మీకు చెప్పాలి. నేను ఈ నోటితో అన్నం తింటున్నానంటే ఆమె వల్లే.

గుట్కా నమిలి తెచ్చుకున్న క్యాన్సరు నాది. కర్నూలులో దవడకు ఆపరేషన్ చేసి, కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. ఇంటికి వచ్చేసరికి నోట్లో రెండు వేళ్లు దూరే సందు లేదు. ముక్కులో గొట్టం. వ్యాయామం నేర్పే డాక్టరమ్మ ఐస్‌క్రీము పుల్లలు దొంతిగా పళ్ల మధ్య పెట్టి చూపించింది. ఒక్కొక్కటే పెంచాలి, మానేస్తే దవడ బిగుసుకుపోతుంది, ఇక గొట్టమే గతి అంది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. చావాలనే పడుకున్నాను.

వదిన జుట్టు పట్టి లేపి కూర్చోబెట్టింది.

"తెరువు."

తల తిప్పుకుంటే చెంప మీద కొట్టింది. పుల్లలు తోసింది. కాలితో తన్నాను. కింద పడి ఆమె గాజులు పగిలాయి. లేచి వచ్చి నా ఛాతీ మీద మోకాలు మోపింది. పుల్ల విరిగితే వేలే పెట్టింది. నొప్పికి దవడ పట్టేసి కొరికాను. రక్తం ఎవరిదో తెలియలేదు.

"కొరుకు బ్బీ, కొరుకు! యేలు తెగినా తీసేది లేదు. సంగటి ముద్ద చేయనీకి ఇంగో చెయ్యుండాది."

అన్న వాకిట్లో చెవులు మూసుకుని కూర్చునేవాడు. పక్కింటామె వచ్చి, "ఏందమ్మా, రోగిష్టోన్ని సంపుతాండావు" అంటే, "సచ్చేది వాని ఇష్టమా? టమోటా కోసేదానికి నాకు మనిషి కావల్ల" అనేది వదిన.

మళ్లీ చూపించుకోవడానికి పోయినప్పుడు డాక్టరమ్మ ఆమెను కోప్పడింది. నోరంతా పుండ్లు, ఇంత లాగకూడదమ్మా, బిగువు తెలిసేదాకా తెరిచి కాసేపు ఆపితే చాలు అంది.

"నువ్వు మెల్లగా చెప్పినావు తల్లీ, ఇనలే. నేను చెప్తే, నన్ను తన్నినా కొరికినా తెరుస్తాండాడు."

అయినా ఆ తర్వాత పుల్లలు పెట్టే చెయ్యి తేలిక చేసుకుంది. కొట్టడం మాత్రం మానలేదు. గొట్టం తీసిన రోజు గోలీకాయంత సంగటి నాలుక మీద పెట్టి, "నమలొద్దు, మింగు" అంది. నేను మింగగానే బయటికి పోయి ముక్కు చీదుకుంది.

ఆమె పోయాక పుల్లలు ముట్టలేదు. వచ్చేపోయే బంధువుల మధ్య ఎవరికీ అది గుర్తు లేదు. దవడ మళ్లీ బిగిసింది. ఒకనాడు నేను నీళ్లు తాగబోయి చొక్కా మీద పోసుకోవడం అన్న చూశాడు. బుద్ధెరిగాక నన్ను ఒక్క మాట అనని మనిషి. పుల్లలు వెతికి తెచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"తెరువురా."

తల అడ్డంగా ఊపాను. కొట్టాడు. ఎడమ చెంప మీద, ఆపరేషన్ చేసిన వైపు.

వదిన ఇన్నాళ్లూ కొట్టింది కుడి చెంప మీదే. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

కళ్లు చీకట్లు కమ్మి అరిచాను. నోరు తెరుచుకుంది. అన్న ఏడుస్తూ పుల్లలు లోపలికి పెట్టి పట్టుకున్నాడు. నా పళ్ల మధ్య పుల్లలు, వాటి చివర ఆయన వేళ్లు. బయట బర్రె కుడితి కోసం అరుస్తోంది.