ఈల లేని చెయ్యి

కార్తీకమాసంలో ఒక పొద్దున్న మా అప్ప ఫోన్ చేసింది. మా వైపు అక్కని అప్ప అంటాం. "టీ సల్లారిపోయిందిరా," అంది. డెబ్భై దాటిన మనిషి తెల్లారగట్ల ఫోన్ చేసి టీ సంగతి చెబుతోందంటే, తొందరపడి నోరు విప్పకూడదు. "రెండుసార్లు ఎచ్చబెట్టినాను. మీ బావ లెగనేదురా," అంది.

అంతే. జబ్బు లేదు, ఆసుపత్రి లేదు. ఏ పనైనా మా బావ చప్పుడు లేకుండానే చేసేవాడు. చప్పుడంటూ చేస్తే అది ఈలే.

ఆయన ఓడరేవులో ఖలాసీ. ఓడలోంచి క్రేను బరువులెత్తుతుంటే కింద నిలబడి, పైన గాజుగదిలో ఉన్న డ్రైవరుకి చేతులతో సైగలు చేసే మనిషి. అంత ఎత్తున కూర్చున్నవాడికి కింద మాట వినపడదు. పదిమంది పది రకాలుగా అరుస్తుంటారు, చేతులూపుతుంటారు. ఎవరి చెయ్యి నమ్మాలి? దానికి వాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. మా బావ దాన్ని నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. మీకు ఒక్కసారే చెబుతాను, గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

రమ్మనే సైగ, ఎత్తమనే సైగ, దించమనే సైగ, ఇవి ఒక్కడే చెయ్యాలి. ముందు ఈల, తర్వాత చెయ్యి. ఈల లేకుండా లేచిన చేతికి ఎవడూ కదలకూడదు. ఆగమనే సైగ మాత్రం ఎవరు చేసినా ఆగాలి. రేవులో టీ అమ్ముకునే ముసలమ్మ అరచెయ్యి చాపినా సరే, బరువు గాలిలో ఎక్కడుంటే అక్కడ ఆగిపోవాలి. మళ్ళీ సైగ వచ్చేదాకా అలాగే ఉండాలి. చివరికి రెండు చేతులూ పొట్ట దగ్గర కలిపి పట్టుకుంటే, పనైపోయింది, ఇక ఇళ్ళకి పోవచ్చని.

ఈ కట్టుబాటుని ఆయన ఇంటికి కూడా తెచ్చాడు. అన్నం వడ్డిస్తున్నప్పుడు అరచెయ్యి చాపితే గరిటె గాలిలో ఆగాల్సిందే. తగరపువలసలో ఒక పెళ్ళిలో వడ్డించే కుర్రాళ్ళు ఎంత వద్దన్నా వినకుండా పులిహోర పోస్తుంటే, జేబులోంచి ఇత్తడి ఈల తీసి ఊదాడు. పంక్తి మొత్తం ఆగిపోయింది. తాళాలు, సన్నాయి కూడా. పురోహితుడు ముహూర్తం దాటిపోతోందని కంగారుపడితే, మా బావ మింగడం పూర్తిచేసి, "ఇంక కానీయండి బాబూ," అన్నాడు.

రిటైరైన రోజున అందరికీ ఇచ్చినట్టే ఆయనకీ శాలువా కప్పారు. దాంతోపాటు ఆయన చిరిగిన టార్పాలిన్ ఒకటి అడిగి తెచ్చుకున్నాడు. ఏ దేశపు గంధకం మీద కప్పిందో, తడిస్తే వాసనేసేది. దాన్ని కత్తిరించి, దబ్బనంతో నెలరోజులు కూర్చుని గుడారం కుట్టాడు. మా అప్ప వీధిలో అందరికీ చెప్పింది. "ముసిలోడికి ఉన్న ఇల్లు సాల్లేదమ్మా, గుడ్డ ఇల్లు కట్టుకుంతన్నాడు."

"నలభై ఏళ్ళు సైరను ఇన్నాను బావా," అన్నాడు నాతో, ఒకరినొకరం బావా అనే పిలుచుకునేవాళ్ళం. "సైరను ఇనబడని సోట ఒక పూట పడుకోవాల."

అలా మొదలైంది. ఏటా చలికాలంలో రెండుమూడుసార్లు, ముగ్గురం. ఆయన, నేను, దువ్వాడ నుంచి ఒక రిటైర్డు లెక్కల మాస్టారు. మాస్టారు ద్వారకానగర్‌లో కొన్న రంగురంగుల గుడారం తెచ్చేవారు. విసిరితే దానంతటదే విచ్చుకునేది. మా బావ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది గుడారమేటి మాస్టారూ, గొడుక్కి గుండీలెట్టినారు," అన్నాడు. మాస్టారు నొచ్చుకున్నారు. మర్నాడు వాన పడితే వచ్చి గంధకం వాసనలోనే తలదాచుకున్నారు.

సీలేరు పోయే దారిలో, కొండల నడుమ ఒక ఏటి ఒడ్డున ఉంది మా చోటు. పేరు చెప్పను. చెబితే వచ్చే ఆదివారానికల్లా రీళ్ళు తీసేవాళ్ళు దిగుతారు. గుడారాలు వేసుకోవడానికి చదును చేసిన నేల, రాళ్ళ పొయ్యిలు రెండు, ఒక చేతిపంపు. ఎదురుగా ఏరు. ఏటికి అవతల బల్లపరుపు రాయి ఒకటి, దాని వెనక నిట్టనిలువుగా అడవి.

మా బావ భీమిలి దగ్గర సముద్రపొడ్డున పుట్టినవాడు. తండ్రి, తాత చేపలవేటకి వెళ్ళినవాళ్ళే. సముద్రం అంటే బెదురు లేదు. ఏరంటే మాత్రం ఎక్కడ లేని జాగ్రత్త. గుడారం ముఖం ఏటివైపు పెట్టనిచ్చేవాడు కాదు. ఎందుకని అడిగితే, "సముద్రం అరుత్తాది. సెప్పి సంపుతాది. ఏరు మాటాడించి సంపుతాది," అనేవాడు. అక్కడ పడుకుంటే ఆ మాటకి అర్థం తెలుస్తుంది. రాళ్ళ మధ్య నీళ్ళు పోతుంటే పక్కింటివాళ్ళు మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. మాటలు తెలియవు, మన గురించేనని తెలుస్తుంది.

ఇప్పుడు ఒక పుష్యమాసం సంగతి చెప్పాలి. నాలుగేళ్ళయింది. తెల్లవారి చాలాసేపే అయింది, కానీ మంచు లేవలేదు. మాస్టారు ఇంకా నిద్రలోనే ఉన్నారు. నేను డేకిసా తోముదామని ఏటి దగ్గరికి వెళ్ళాను. డేకిసా సంగతి వేరే ఉంది, ముందురోజు సాయంత్రం మాస్టారు దాంట్లో ఉప్మా చేశారు, ఆ మాడు ఇసుకతో కాదు, ఉలితో పోవాలి. సరే, అది వదిలేయండి.

తలెత్తి చూస్తే అవతల రాతి మీద మా బావ. కోతిటోపీ, భుజాన తువ్వాలు. చెయ్యెత్తి రమ్మంటున్నాడు. నాలుగు వేళ్ళు రెండుసార్లు ముడవడం, కాసేపు ఆగడం, మళ్ళీ రెండుసార్లు. అది ఆయన వాటమే. వేరెవరి చెయ్యీ అలా ఆడదు. పొద్దున్నే అవతలికి ఎప్పుడు దాటాడో, ఏం చూశాడో అనుకుని నీళ్ళలో దిగాను. మోకాళ్ళ దాకా వచ్చింది. ఇంకో నాలుగడుగులకి తొడల దాకా. చలికి కాళ్ళు నావి కాకుండా పోయాయి. అవతల చెయ్యి ఆడుతూనే ఉంది.

వెనకనుంచి ఈల వినపడింది.

తిరిగి చూశాను. ఇవతలి ఒడ్డున, నోట్లో వేపపుల్లతో, మా బావ. అరచెయ్యి చాపి ఉంది.

"ఎక్కడికెల్తన్నావు బావా?" అన్నాడు.

"నువ్వే గదా పిలిసినావు?"

ఆయన నా మొహం చూడలేదు. నా భుజం మీదుగా అవతలికి చూస్తున్నాడు.

"నాను ఈలూదేనా?"

"నేదు."

"మరెందుకు కదిలినావు?"

నలభై ఏళ్ళు పైన గాజుగదుల్లోవాళ్ళు తప్పని పాఠం, తీరిగ్గా వెయ్యిసార్లు విన్నవాణ్ణి నేను తప్పాను. ఆయన గుడారం వాసం ఒకటి పట్టుకుని నా దగ్గరికి వచ్చి, నేను వేయబోయే అడుగు దగ్గర నీళ్ళలో దించాడు. నా కంటే పొడుగు వాసం. అడుగు తగల్లేదు.

అప్పుడు ఆయన చేసిన పని నేను ఎవరికీ చెప్పలేదు. చెయ్యి పూర్తిగా చాపి, అవతలి ఒడ్డుకి, ఆగమని సైగ చేశాడు.

"ఎవుడికి బావా?" అన్నాను. నాకు వెనక్కి తిరిగే ధైర్యం లేదు.

"ఎవుడైతే ఏటి. ఆగమంటే ఆగాల." కాసేపు చూశాడు. "ఆగినాడు," అని, నా రెక్క పట్టుకుని ఒడ్డుకి తీసుకొచ్చి, టీ పెట్టాడు. అందులో అల్లం ఎక్కువైంది. ఆ రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది.

బడి ఐదో క్లాసుతో ఆపేసినవాణ్ణి. నా చదువంతా పొట్లాం కాగితాలదే. మరమరాలు తినేశాక కాగితం చదివేవాణ్ణి. ఒకసారి అలాంటి కాగితంలో, 'మంచులో మనిషి ఆకారం రెండుచోట్ల కనిపించడానికి కారణం ఏమిటంటే' అని ఉంది. అక్కడికి చిరిగిపోయింది. మిగతా ముక్క కోసం ఆ మరమరాల బండివాడి దగ్గర వారం రోజులు పొట్లాలు కొన్నాను. దొరకలేదు. ఏటి దగ్గర జరిగిందాన్ని ఆ చిరిగిన చోట పెట్టి నేను సర్దుకున్నాను. మా బావని ఆ తర్వాత ఒక్కసారే అడిగాను, ఎవడు వాడు అని. "పిలిసినోలందరి కాడికీ ఎల్లిపోకు బావా. ఎవుడు పిలిసినాడన్నది కాదు, ఎలా పిలిసినాడన్నది సూసుకో," అన్నాడు. అయినా ఆ చోటికి వెళ్ళడం మానలేదు. మానేస్తే, ఆగినవాడు మళ్ళీ సైగ లేక అక్కడే ఉండిపోతాడని ఆయన మనసులో ఉండి ఉండొచ్చు. ఇది నా ఊహ.

పదకొండో రోజు అయ్యాక మా అప్ప నన్ను వంటింట్లోకి పిలిచింది. గూట్లోంచి ఆ ఈల తీసి నా చేతిలో పెట్టింది. ఇత్తడి మీద గీతల్లో పచ్చగా చిలుం, మెడలో వేసుకునే నల్లతాడు.

"ఇది ఇంట్లో ఉంటే నాకు వంట సాగడం నేదురా," అంది. "గరిటె తిప్పతంటే సెయ్యి ఆగిపోతంది. ఎవులో ఆగమన్నట్టు. మల్లీ తిప్పమని సెప్పీ వోలు నేరు."

"నాకేటి సెయ్యమంటావప్పా?"

"మీరెల్లీ ఆ ఏట్లో ఒగ్గీ. అక్కడైతే ఆయనకి పనికొత్తాది."

ఆ మాట ఆమె ఏ ఉద్దేశంతో అందో తెలియదు. నా వీపు మీద మాత్రం ఏటి నీళ్ళు పారాయి.

పోయిన నెల, మళ్ళీ పుష్యంలోనే, మాస్టారూ నేనూ వెళ్ళాం. టార్పాలిన్ గుడారమే వేశాం. ఆయనలా ముడులు వేయడం మాకు రాలేదు, అది ఒక పక్కకి ఒరిగి నిలబడింది. ముఖం మాత్రం ఏటికి పెట్టలేదు.

పొద్దున్న మాస్టారు పొయ్యి దగ్గర ఎసరు పెట్టారు. నేను ఈల గుప్పిట్లో పట్టుకుని ఒడ్డుకి వెళ్ళాను. మంచు అలాగే ఉంది. ఏరు మాట్లాడుతోంది. విసరడానికి చెయ్యి వెనక్కి తీసి, తలెత్తాను.

రాతి మీద మనిషి ఉన్నాడు. చెయ్యెత్తి ఉన్నాడు. నాలుగు వేళ్ళు రెండుసార్లు, కాసేపు ఆగడం, మళ్ళీ రెండుసార్లు.

మీరు అనుకోబోయేవన్నీ నేను అనుకున్నాను. మోడు. కట్టెలకి వచ్చిన మనిషి. శుక్లం తీయించుకున్న నా కన్ను. ఒక్కొక్కటీ అనుకుంటూ ఉండగా పాదాలకి చల్లగా తగిలింది. చూస్తే చీలమండల దాకా నీళ్ళలో ఉన్నాను. ఎప్పుడు దిగానో తెలియదు. దిగాలని ఉంది, అది మాత్రం తెలుసు. మూడు నెలలుగా ఆ చెయ్యి ఒక్కసారి చూస్తే చాలనుకుంటున్నవాణ్ణి.

అప్పుడు తట్టింది. ఈల నా గుప్పిట్లో ఉంది. అందుకే అవతల ఈల లేదు. ఇప్పుడు నేను దీన్ని ఏట్లో వదిలితే, ఇది అవతలికి చేరితే, ముందు ఈల వస్తుంది, తర్వాత చెయ్యి లేస్తుంది. అప్పుడు నేను కదలకుండా ఉండడానికి ఏ కట్టుబాటూ మిగలదు. ఆయన నేర్పిన ప్రకారమే నేను వెళ్ళాలి.

ఈల నోట్లో పెట్టుకున్నాను. ఇత్తడి చేదు, దాని వెనక ఎక్కడో గంధకం. ఊదాను. అరచెయ్యి చాపాను.

అవతల చెయ్యి ఆగింది. దిగలేదు, తప్పుకోలేదు. నాలుగు వేళ్ళూ సగం ముడిచినవి సగంలోనే ఆగిపోయాయి.

మాస్టారు గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. "ఎందుకండీ ఈల? ఏమైంది?" అన్నారు. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని అవతలికి చూశారు. చాలాసేపు చూశారు. "ఎవరండీ ఆయన? చెయ్యి అలా పెట్టుకుని ఉండిపోయాడేం?" అన్నారు.

"పదండి మాస్టారూ," అన్నాను. "గుడారం విప్పుదాం."

టీ తాగలేదు. ముడులు మేం వేసినవే కాబట్టి తొందరగానే ఊడాయి.

నాలుగేళ్ళ కిందట అక్కడున్నది మా బావ కాదు. ఆయన నా వెనక ఉన్నాడు. ఈసారి ఉన్నది ఎవరో నేను చెప్పలేను. ఆగమంటే ఆగాడు. అంతవరకే చెప్పగలను. ఇంకో సైగ ఉందని మీకు గుర్తుండే ఉంటుంది. రెండు చేతులూ పొట్ట దగ్గర కలిపి పట్టుకుంటే చాలు. పనైపోయింది, ఇక వెళ్ళు అని. దానికి ఈల ఊదే ఓపిక కూడా అక్కర్లేదు. నేను చెయ్యాల్సింది అదే. వచ్చేసే ముందు ఒడ్డున చేతులు కలిశాయి కూడా, ఛాతీ దాకా వచ్చాయి. కానీ వెళ్ళమని చెబితే ఆయన వెళ్ళిపోతాడు. వెళ్ళిపోయినవాణ్ణి తిరిగి రమ్మనే సైగ నాకు నేర్పలేదు.

మా అప్ప సాయంత్రం అడిగింది. "ఒగ్గీసేవా?"

"ఒగ్గీసేనప్పా."

"అదే గావాల. ఇయ్యాల పులుసు కుదిరింది," అని నాకు వడ్డించింది. నేను ఆమెతో ఆడిన పెద్ద అబద్ధం అదొక్కటే. ఈల నా బల్ల సొరుగులో ఉంది. ఇది రాస్తుంటే ఆ సొరుగు మోకాలికి తగులుతోంది. ఈ మోకాళ్ళు ఇంకెన్ని చలికాలాలు ఆ కొండ ఎక్కుతాయో తెలియదు. ఇక చేతకాదనిపించే ఏడాది రెండిట్లో ఒకటి చేస్తాను. ఒడ్డున నిలబడి చేతులు కలుపుతాను, లేదా ఈల ఏట్లో వదిలి, అవతలినుంచి వినపడేదాకా కూర్చుంటాను.

ఈలోగా పొద్దున్నే మా ఇంట్లో కళాయిలో గరిటె చప్పుడు వినపడితే, అప్ప ఇంట్లోనూ వంట సాగుతోందనుకుంటాను. ఆ వెంటనే ఏటి దగ్గరి మంచు గుర్తొస్తుంది. దాని వెనక బల్లపరుపు రాయి, రాతి మీద నిలబడిన మనిషి, నా మాట మీద సగం ముడుచుకుని ఆగిపోయిన నాలుగు వేళ్ళు.