అరిచి చెప్పిన గుసగుస

ఇల్లందుల ఆమెను ‘మైకు నాంచారమ్మ’ అంటరు. అనరా మరి! ఆమె ఇంట్ల పొయ్యి మీద ఏం కూర ఉడుకుతున్నదో వాడకట్టంతా తెలుస్తది. పెండ్లయి వచ్చిన కొత్తల ఇదే మనిషి మాట పక్కన కూసున్నోళ్లకు గూడ వినపడకపోయేది. బొగ్గుబాయిల డ్రిల్లు పట్టి పట్టి, బ్లాస్టింగు చప్పుడుకు మొగడు మొండయ్య చెవులు మొద్దుబారినయి. ఆయన చెవులు తగ్గినకొద్ది ఈమె గొంతు పెరిగింది. చెవి మిషన్ ఇప్పిస్తే, గుయ్యిమంటున్నదని ఆయన అల్మారల పడేసిండు.

మొన్న ఆదివారం బిడ్డ సరిత రాసిన కథ పేపర్ల అచ్చయింది. సరిత బూర్గంపాడు దిక్కు తెలుగు టీచరు. కథ నాయిన మీదనే. మొండయ్యకు చదువు రాదు. నాంచారమ్మ రాత్రిబడిల నేర్చుకున్నది, కూడబలుక్కొని చదువుతది. బిడ్డ ఏం రాసిందో ఆయనకు ఎట్లనన్న తెల్వాలెనని ఆమె పంతం. చాయ్ తాగి, పేపర్ పట్టుకొని అరుగు మీద మొండయ్య పక్కన కూసున్నది.

కథ నిండ మెత్తటి చప్పుళ్లే. నైట్ షిఫ్టు దిగిన నాయిన, పిల్ల లేస్తదని బూట్లు చేతుల పట్టుకొని వస్తడు. తలుపు కిర్రుమంటది. కుండల నీళ్లు బుడుక్కుమంటయి. అమ్మ గాజులు గల్లుమంటయి. ఇద్దరు గుసగుసలాడుకుంటరు. పిల్ల కండ్లు మూసుకొని అన్నీ వింటది. మనసుల చదువుకుంటుంటే నాంచారమ్మకు పాత క్వార్టర్ కండ్ల ముందటికొచ్చింది, పాణం జివ్వుమన్నది.

మరి బయటికి చదవాలె కద! “తలుపు కిర్రుమన్నదీ!” అని ఒక్క కేక పెట్టింది. కోళ్లు ఉరికినయి. “అమ్మా నాయినా గుసగుసలాడిన్రూ!” ఎదురింటి లాలి పిండి చేతులతోటే ఉరికొచ్చింది.

“ఏందక్కా, పొద్దుపొద్దుగాల లొల్లి? బావ ఏమన్నడు?”

“లొల్లి కాదే, కథ చదువుతున్న!”

లాలి కడుపు పట్టుకొని నవ్వుకుంట పోయింది. నాంచారమ్మకు ఏడుపొచ్చింది. బిడ్డ ఎంత ముద్దుగ రాసింది, తన నోట్ల పడి అది పంచాయితీ లెక్క అయ్యింది. “నా గొంతు మంట్ల గల్వ!” అని పేపర్ కింద పెట్టింది.

“గంత కోపమేందే? పిల్ల ఏం తప్పు రాసింది?” అన్నడు మొండయ్య బెంగగ.

ఇగ అరిచే ఓపిక లేదామెకు. ఆయన ఎదురుంగ, మోకాలికి మోకాలు తగిలేటట్టు జరిగి కూసున్నది. పాత గొంతుతోటి, నిమ్మళంగ, ఒక్కొక్క మాట చదివి, తలెత్తి ఆయనను చూసుకుంట మళ్ల చెప్పింది. తలుపు కాడ చెయ్యి మెల్లగ తోసి చూపించింది. గుసగుస కాడ ఆమెకే నవ్వొచ్చింది. మొండయ్య రెప్ప వెయ్యకుండ ఆ పెదవులనే చూసిండు.

“బూట్లు చేతుల పట్టుకున్న, అవ్,” అన్నడు. “అది పండుకున్నదనుకున్ననే!” కండ్లు తుడుసుకున్నడు. కొంచెం ఆగి మళ్ల అన్నడు: “నువ్వు గిట్ల మాట్లాడక ఎన్నేండ్లాయె! ఎప్పుడు చూసినా మొఖం చిట్లించి అరుస్తవు. నా మీద కోపమే అనుకున్న.”

నాంచారమ్మ అరవబోయి ఆగింది.

“కోపం ఎన్నడు లేదయ్యా,” అన్నది, గొంతే లేకుండ.

మొండయ్య తలూపిండు. “వినపడ్డది,” అన్నడు.