రెండు ప్లాంట్లకు ఒకే ఆవిరి

యాసిడ్ ప్లాంటు కంట్రోల్ రూములో పనిచేసే ఆమెను అందరూ ఆవిరక్క అనేవారు. ఆ పేరు పెట్టింది ఆమె భర్తే. గంధకాన్ని మండించి యాసిడ్ తయారుచేసేటప్పుడు బోలెడంత వేడి పుడుతుంది. ఆ వేడికి నీళ్లు మరిగి ఆవిరవుతాయి. ఆ ఆవిరిలో కొంత ఒక సన్నటి గొట్టంలో గోడ అవతల ఉన్న ఉప్పుల ప్లాంటుకు వెళ్లేది. మిగిలినదంతా ఆకాశం పాలే. "మా ఆవిడ ఉద్యోగం మబ్బులు తయారుచేయడం" అని ఆయన నలుగురిలో చెప్పి నవ్వించేవాడు.

ఆయనదీ ఆవిరి పనే. ఉప్పుల ప్లాంటులో తడి ఉప్పును ఆరబెట్టే పెద్ద డ్రమ్ము ఒకటి రాత్రీపగలూ తిరుగుతూ ఉంటుంది. గోడ ఇవతలి నుంచి వెళ్లే ఆవిరి దానికి ఏ మూలకూ చాలదు కనుక అక్కడ బొగ్గు బాయిలర్ పెట్టారు. దాన్ని పెళ్లికి ముందు నుంచీ ఆయనే చూసుకునేవాడు. మంట రంగు చూసి బొగ్గు తడిసిందో లేదో చెప్పేవాడు. ఇంటికి వచ్చేసరికి చెవుల వెనక కూడా మసే. "ఇంట్లో సబ్బంతా మీ ఒక్కరికే సరిపోతోంది" అని ఆవిరక్క సణిగేది.

ఉప్పుల ప్లాంటు కంట్రోల్ రూములో ఉండే ఆపరేటరంటే మాత్రం ఆమెకు ఒళ్లు మంట. ఆయన ముఖం ఏనాడూ చూడలేదు. ఫోన్లో వినపడే గొంతు ఒక్కటే తెలుసు. అదీ ఎప్పుడు చూసినా అరుపే.

"ఆవిరేదమ్మా? పంపుతున్నారా, లేదా?"

"పంపుతున్నాంగా!" అనేసి ఆమె ఠక్కున ఫోన్ పెట్టేసేది. ఇంట్లో ఆ ఆపరేటర్ని గావుకేక అనేది.

అలా ఉండగా ఒక ఇంజనీరమ్మాయి వచ్చింది. చాలా రోజులు రెండు ప్లాంట్లూ కాలినడకన తిరిగింది. "ఇటేమో వేడిని పారబోస్తున్నాం, అటేమో బొగ్గు కాలుస్తున్నాం. మధ్యలో ఉన్నది గోడేగా!" అంది. కంపెనీ ఒప్పుకుంది. పెద్ద గొట్టం వేశారు. ఉప్పుల ప్లాంటులో వేడంతా ఇచ్చేసి నీరుగా మారిన ఆవిరి, ఆ గోరువెచ్చదనమైనా వృథా కాకుండా మళ్లీ యాసిడ్ ప్లాంటుకే తిరిగొచ్చేలా ఇంకో గొట్టం వేశారు. బొగ్గు బాయిలర్‌ను అవసరానికని సన్నటి మంట మీద ఉంచారు.

"అంటే నన్ను సిమ్‌లో పెట్టారన్నమాట" అన్నాడు భర్త, అన్నం తింటూ. నవ్వాలో వద్దో ఆవిరక్కకు తెలియలేదు.

కలిపిన కొత్తలో అన్నీ తిప్పలే. ఒకరోజు మధ్యాహ్నం ఉప్పు గడ్డకట్టి డ్రమ్ములో అడ్డుపడింది. గావుకేక ఆవిరి వాల్వును తగ్గించాడు. ఆవిరి వెళ్లే దారి లేక ఇటు ఒత్తిడి పెరిగింది. ఆవిరక్క గంధకం మంటను తగ్గించింది. ఆ సరికి అక్కడ గడ్డ విరిగింది, ఆయన వాల్వు పూర్తిగా తెరిచాడు. ఇక్కడ ఒత్తిడి ఢామ్మని పడిపోయింది. ఆమె కంగారుగా మంట పెంచింది, ఆయన కంగారుగా వాల్వు మూశాడు. సేఫ్టీ వాల్వు ఊరంతా వినపడేలా గర్జించింది. చివరికి రెండు ప్లాంట్లూ ఆగిపోయాయి. డ్రమ్ములో ఉప్పు రాయిలా బిగుసుకుపోకుండా ఆ పూట కాపాడింది బొగ్గు బాయిలరే.

"చూశావా? ఆఖరికి నా బొగ్గే దిక్కయింది!" అన్నాడు భర్త సాయంత్రం. చాలాకాలం తర్వాత ఆ ముఖంలో అంత వెలుగు చూసి, ఆవిరక్క తన తలనొప్పి సంగతి చెప్పకుండా ఊరుకుంది.

మర్నాడు విచారణ. తప్పు గావుకేకదని ఆవిరక్క చెప్పింది. ఆయన ఫోన్లోనే అరిచి తప్పు ఆమెదన్నాడు. ఇంజనీరమ్మాయి రెండు ప్లాంట్ల గ్రాఫులూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూపించింది.

"మీరిద్దరూ తప్పు చేయలేదక్కా. సన్నటి సందులో ఎదురుపడ్డ ఇద్దరు దారివ్వబోయి ఇద్దరూ ఒకే పక్కకు జరుగుతారు చూడండి, అలా అయింది. గొట్టాలు కలిపాను గానీ మనుషుల్ని కలపలేదు. అది నా పొరపాటే."

దాంతో రెండు మార్పులు చేశారు. ఒకటి, మధ్యలో పెద్ద ఆవిరి ట్యాంకు. ఇటు ఎక్కువైతే అది దాచుకుంటుంది, అటు తక్కువైతే ఇస్తుంది. కుదుపులన్నీ దాని కడుపులోనే అణిగిపోతాయి. రెండోది, రెండు కంట్రోల్ రూములు ఎత్తేసి ఒకే గది.

"ఆ గావుకేక పక్కన కూర్చోవాలా? నా చెవులేం కావాలి?" అంది ఆవిరక్క. ఎవరూ వినిపించుకోలేదు.

కొత్త గదిలోకి వెళ్లేసరికి, కళ్లజోడుకు తాడు కట్టుకున్న ఒక బక్కపలచటి మనిషి లేచి నిలబడి ఏదో అన్నాడు. వినపడక ఆమె ముందుకు వంగాల్సి వచ్చింది.

"ఏమన్నారు?"

"బాగున్నారా అన్నానమ్మా."

గొంతు అదే, కానీ అరుపు లేదు. ఆమె తెల్లబోయింది. "ఫోన్లో అరిచేది మీరేనా?"

"నేనేనమ్మా. అక్కడ మా గది గోడకానుకునే డ్రమ్ము తిరిగేది. అరవకపోతే నా మాట నాకే వినపడేది కాదు." కాస్త ఆగి, "మీకు కోపమెక్కువని నేను హడలిపోయేవాణ్ణి. మాట పూర్తి కాకుండానే పెట్టేసేవారు" అన్నాడు.

"మీరలా అరుస్తుంటే ఫోన్ చెవి దగ్గర పెట్టుకోవడం ఎలాగండీ?"

ఇద్దరికీ నవ్వాగలేదు. ఆ వారంలోనే ఆయన ఆమెకు అన్నయ్య అయ్యాడు.

కొన్నాళ్లకు మళ్లీ ఉప్పు గడ్డకట్టింది. "చెల్లెమ్మా, డ్రమ్మును నెమ్మది చేయాలి. ఆవిరి మెల్లగా తగ్గిస్తున్నా" అన్నాడు ఆయన, వాల్వు మీద చెయ్యి వేయకముందే. ఇంజనీరమ్మాయి వెనకే నిలబడి గోళ్లు కొరుకుతోంది. తెర మీద ఒత్తిడి పెరుగుతోంది. ఆవిరిని పైకి వదిలేసే బటన్ మీదకు ఆవిరక్క వేలు దానంతటదే వెళ్లింది. ఇన్నేళ్ల అలవాటు. ఆమె ఆ చేతిని వెనక్కి లాక్కుని, గంధకం మంటను కొద్దికొద్దిగా తగ్గించింది. ట్యాంకు నిండుతోంది. ఒత్తిడి ఇంకాస్త పైకి పోయి, ఒకచోట నిలిచి, దిగడం మొదలుపెట్టింది. సేఫ్టీ వాల్వు నోరు మెదపలేదు.

అప్పుడు బాయిలర్ దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. ఆమె తీసింది.

"మంట పెంచమంటావా?" భర్త గొంతులో తొందర.

"వద్దండీ. అవసరం లేదు."

"సరేలే" అని పెట్టేశాడు. గదిలో అందరూ చప్పట్లు కొడుతున్నారు. తన నోటితో తను ఏం చెప్పిందో ఆమెకు అప్పుడు తట్టింది.

ఆ తర్వాత డ్రమ్ము ఎన్నిసార్లు మొరాయించినా బాయిలర్‌ను పిలవాల్సిన పని పడలేదు. చివరికి దాన్ని చల్లార్చేశారు. ఆ రోజు ఆయన ఇంటికి మసి లేకుండా వచ్చాడు.

"నామీద కోపమా?" అని అడిగింది.

"నీ మీద ఎందుకే? బాగా చేశావు. అంత బాగా చేశావు కాబట్టే ఏడుపొస్తోంది" అన్నాడు. ఆమె పక్కన కూర్చుంది.

గేటు దగ్గర పని ఇస్తామన్నారు, ఆయన ఒప్పుకోలేదు. కొన్నాళ్లు సెలవు పెట్టి ఇంట్లో బాగున్న కుర్చీలనే మళ్లీ బాగుచేశాడు. ఒకరోజు జీతం చీటీ తెచ్చుకోవడానికి వెళ్లి, కొత్త గొట్టం కిందుగా నడుస్తూ ఆగిపోయాడు. ఒక వంపు దగ్గర, వేడి బయటికి పోకుండా చుట్టిన గాజుదూది తొడుగు చిరిగి, వేడి ముఖానికి కొడుతోంది. నేరుగా ఇంజనీరమ్మాయి దగ్గరకు వెళ్లాడు.

"వేడి పుట్టించడానికి మనిషి ఎంత చాకిరీ చేయాలో నాకు తెలుసమ్మా. అది అలా గాలికి పోతుంటే చూస్తూ ఊరుకోలేను. ఆ తొడుగులు కుట్టే వాళ్లలో నన్నూ వేయండి."

ఆమె సంతోషంగా వేసింది. మొదట్లో తన కంటే చిన్నవాళ్ల దగ్గర పని నేర్చుకోవాల్సి వచ్చి ఆయన చిన్నబుచ్చుకున్నాడు. బాయిలర్ షెడ్డు ముందు నుంచి వెళ్లకుండా చుట్టూ తిరిగి వెళ్లేవాడు. ఇప్పటికీ అంతే. కానీ పని మాత్రం పట్టుబడింది. ఎక్కడ వేడి కారుతోందో అరచెయ్యి గాల్లో పెట్టి చెప్పేస్తాడని మిగతావాళ్లు ఆయన్ని ముందు నడవమంటారు.

మొన్న డ్యూటీ దిగి ఇద్దరూ కలిసి వస్తుంటే, గొట్టం కిందకు చెయ్యి పట్టి లాక్కెళ్లాడు.

"ముట్టుకో."

"కాలుతుందేమో!"

"ముట్టుకోవే, నేను కుట్టింది."

ఆవిరక్క భయంభయంగా అరచెయ్యి ఆనించింది. లోపల ఆవిరి రొద పెడుతూ పరుగెడుతోంది. పైన తొడుగు చల్లగా ఉంది.

"ఎలా ఉంది?"

"బాగుంది. కానీ కుట్టు వంకర."

"నీ మొహం" అంటూనే ఆయన వంగి కుట్టు వైపు చూశాడు.