మేడం దగ్గు

ఈ ఉదయం సత్తెనపల్లి బస్సు కిటికీలోంచి మిరప కల్లాల ఘాటు లోపలికి కొట్టింది. అందరం ఒకేసారి దగ్గాం. కాసేపటికి అందరి దగ్గూ ఆగింది. ఇంకా ఎవరికైనా ఆగలేదేమోనని నేను చెవి ఒగ్గి కూర్చున్నాను. ఈ అలవాటు సుగుణమ్మ మేడం వల్ల వచ్చింది.

నేను కొత్తగా టీచరుగా చేరిన హైస్కూలుకి ఆవిడ హెడ్మిస్ట్రెస్. దేన్నీ ఊరికే నమ్మేవారు కాదు. మధ్యాహ్న భోజనం బాగుందని వంటవాళ్లు చెబితే, పిల్లలు అన్నం పారేసే చోటికి వెళ్లి చూసొచ్చేవారు. బాగుంటే ఇంత ఎందుకు మిగిలిందని అడిగేవారు. మొదట్లో ఆవిడంటే నాకు భయమే తప్ప ఇష్టం లేదు.

రిటైరయ్యాక ఆవిడకి ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ బయటపడింది. గుంటూరులో ఇమ్యూనోథెరపీ మొదలుపెట్టారు. ఒంట్లోని రక్షణ శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందట. జుట్టు ఊడలేదు, వాంతులు లేవు. ఆవిడ వెళ్లే చర్చిలో అందరూ సంతోషించారు. ఆవిడకి మాత్రం అనుమానమే. "కుక్కని ఉసిగొల్పితే దొంగనే కరుస్తుందని ఏముందమ్మా?" అని నన్నడిగారు.

కొన్ని నెలలకి దగ్గు పట్టుకుంది. మిరపకాయలు ఆరబోసే రోజులు, ఊరంతా దగ్గుతోంది. ఆ ఘాటే కారణమన్నాడు ఆవిడ తమ్ముడు. ఊళ్లో డాక్టరూ అదే అని సిరప్ రాశాడు. మేడం నాకు ఫోన్ చేశారు.

"అందరికీ ఇంట్లోకొస్తే తగ్గుతోంది. నాకు తలుపులన్నీ వేసుకున్నా తగ్గట్లేదు. నాలుగడుగులేస్తే ఆయాసం. నువ్వొకసారి రా."

కారు మాట్లాడుకుని గుంటూరు వెళ్లాం. డ్యూటీ డాక్టరు నిమోనియా కావచ్చని యాంటీబయాటిక్ రాయబోయాడు.

"మీరిచ్చిన మందే నా ఊపిరితిత్తుల మీద పడిందేమో చూశారా బాబూ?" అన్నారు మేడం.

అతను రాయడం ఆపి పెద్ద డాక్టరుకి ఫోన్ చేశాడు. స్కాన్‌లో మేడం అనుమానమే నిజమని తేలింది. ఇంకొన్నాళ్లు సిరప్ తాగుతూ కూర్చుంటే ప్రాణం మీదికి వచ్చేదన్నారు. ఇమ్యూనోథెరపీ ఆపేసి, ఆ దాడిని అణచడానికి స్టెరాయిడ్లు ఇచ్చారు. ఆయాసం మెల్లగా తగ్గింది. ముఖం ఉబ్బి, నిద్ర పట్టకపోయేసరికి ఆవిడ స్టెరాయిడ్లనీ అనుమానించడం మొదలుపెట్టారు.

డిశ్చార్జి రోజున పెద్ద డాక్టరు ఇక భయం లేదని చెప్పారు. బయటికొచ్చాక మేడం నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆ మాట చెప్పేటప్పుడు ఆయన నా కళ్లలోకి చూశాడా?"

చూడలేదు. చూడలేదనే చెప్పాను. ఆవిడ మెల్లగా తల ఊపారు.

మళ్లీ ఊపిరితిత్తుల మీద పడుతుందని ఇమ్యూనోథెరపీ ఇవ్వడానికి కుదరలేదు. క్యాన్సర్ తిరిగి పెరిగింది. ఏడాది తిరక్కుండానే మేడం పోయారు.

ఇప్పుడు పాఠం అయ్యాక పిల్లలంతా "అర్థమైంది టీచర్" అంటారు. నేను వెంటనే పుస్తకం మూయను. ఒక్కొక్కరి కళ్లలోకీ చూస్తాను.