జైనూరు అడవిలో సినిమా పెట్టె తప్పిపోయిన రోజు

జైనూరు వెళ్లాలనుకునేవారి కోసం ఇది రాస్తున్నాను. నేను మాత్రం సరదాకి వెళ్లలేదు. ఆంధ్ర, తెలంగాణ కలిసిన మరుసటి ఏడాది అది. తెనాలివాణ్ణి, బెజవాడలో ఫిలిం కంపెనీ గుమాస్తాని. మనవాడొకడు పరాయిదేశంలో ఓడ దిగి, భాష రాక, దారి తెలియక అల్లాడిపోయే కథ ఉన్న బొమ్మ ఒకదాని రీళ్ల పెట్టె పట్టుకుని ఊరూరా తిరిగేవాణ్ణి. కరీంనగర్‌లో ఆట ముగియగానే, జైనూరు సంతలో టూరింగ్ టాకీసు వేశారు, పెట్టె తీసుకెళ్లమని తంతి వచ్చింది. ఆ పెట్టెలో ఉన్నది ఒక్కటే ప్రింటు. అది పోతే నా ఉద్యోగానికి నీళ్లొదులుకోవాల్సిందే.

కరీంనగర్‌లో పొద్దున ఆరింటి బస్సెక్కితే నిర్మల్ చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. టికెట్టు మూడు రూపాయలు. అక్కడ జొన్నరొట్టె తిని, ఒంటిగంట బస్సులో ఉట్నూరు వెళ్లి పడుకున్నాను. అక్కణ్ణుంచి బస్సు లేదు. తెల్లవారుజామునే సంతకు పోయే ఎడ్లబండి మాట్లాడుకుని పెట్టె ఎక్కించాను. బండివాడికి గోండీ, మరాఠీ తప్ప రావు. నాకు ఆ రెండూ రావు. ఇద్దరం సైగలతోనే సరిపెట్టుకున్నాం.

సాయంత్రం నాలుగింటికి వాగు కనబడితే మొహం కడుక్కుందామని దిగాను. నేను దిగింది చూడకుండా బండి సాగిపోయింది. పరుగెత్తుకెళ్లి చూస్తే దారి రెండుగా చీలింది. రెండింటి మీదా చక్రాల జాడలే! ఓయ్, ఓయ్ అని గొంతు చించుకున్నా ఎవరూ పలకలేదు. చుట్టూ టేకుచెట్లు. ఏదైతే అదే అయిందని కుడివైపు నడిచాను. అర ఫర్లాంగు పోకముందే భుజాల మీద గొడ్డళ్లతో నలుగురు ఎదురయ్యారు. నా పని అయిపోయిందనుకున్నాను.

వాళ్లలో నా ఈడువాడొకడు ముందుకొచ్చి, తెలుగులోనే అడిగాడు. "ఎవలింటోనివి? నీకు దేవుళ్లెందరు?"

ఇదేం పరీక్షరా భగవంతుడా! తప్పు చెబితే నరుకుతారేమోనని భయం. "ముప్పైమూడు కోట్లండీ," అన్నాను.

నలుగురూ మొహాలు చూసుకున్నారు. "గంతమందా! మరి నీకు పిల్లనెవలిచ్చిన్రు?" అంటూ అతను పగలబడి నవ్వాడు. "జర సోంచాయించి చెప్పు. నాలుగా, ఐదా, ఆరా, ఏడా?"

ప్రాణభయంతో "ఆరు," అనేశాను.

"నాకు ఏడు. గట్లయితే నువ్వు నాకు బావవైతవ్. ఫికర్ చెయ్యకు, నీ పెట్టె బండి ఆ మలుపు కాడ ఆగింది. బండోడే నిన్ను దేవులాడుమని మమ్ముల పంపిండు."

తమ గోండుల్లో ఒక్కో వంశానికి నాలుగు నుంచి ఏడు దాకా దేవుళ్లుంటారని, ఆ లెక్క ఒకటైతే అన్నదమ్ములు, వేరైతే వియ్యమందదగినవారని దారిలో అతనే చెప్పాడు. కొత్తవాడు ఎదురైతే ముందు ఏ వరసవాడో చూస్తారట. పెట్టె కనబడగానే దాన్ని కావలించుకుని సిగ్గు లేకుండా ఏడ్చాను.

పొద్దు గూకగానే జైనూరు సంతలో ఆట మొదలైంది. నన్ను బావ అన్నవాడు నా పక్కనే కూర్చున్నాడు. తెరమీద మనవాడు ఓడరేవులో కూలబడి, "ఇంత పెద్ద ఊళ్లో నా పేరడిగినవాడు ఒక్కడూ లేడే!" అని ఏడుస్తున్నాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కళ్లు చెమర్చేవి. అతను నా చెవిలో మెల్లగా అన్నాడు. "బావా, నువ్వు నా పేరు అడిగినవా?"

అప్పుడు అడిగాను. లచ్చు అని చెప్పాడు.

ఆ అడవిలో నన్నెవరేం చేస్తారోనని ప్రాణాలు అరచేత పెట్టుకుని తిరిగానే తప్ప, వాళ్లెవరని ఒక్కసారీ అడగలేదు. పరాయిదేశం వెళ్లినవాడి కష్టం నాకు తెలుసనుకున్నాను. పరాయివాడిగా ప్రవర్తించింది నేనే. మీరు వెళితే ఉట్నూరులో బండికి రెండు రూపాయలకు మించి ఇవ్వనక్కర్లేదు. ఎక్కేముందు మాత్రం బండివాడి పేరడగండి.