సందువైపు వాకిలి పెట్టిన అక్క

అక్క పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను ఉగ్గానికి బొరుగులు నానబెడుతున్నాను. ఆమె కోసమే. పొద్దున్నే తాడిపత్రి బస్సెక్కుతూ, "సందులో పరిచేదానికి బండలు చూసి బిరబిరా వచ్చేస్తా. ఉగ్గాని చేసిపెట్టు. బజ్జీలు మాత్రం నేనొచ్చినాకనే ఎయ్యి, సల్లారితే తిన్ను" అని చెప్పి పోయింది. ఫోనులో బండల పాలిష్ మిషను దగ్గర పనిచేసే మనిషి. "మీ అక్క బండ మీద చెయ్యి పెట్టి, ఇది బాగుండాది, దీన్నే తీసిపెట్టండి అనిందమ్మా. అట్లే కూలబడిపాయ. ఆస్పత్రికి పోయేలోపలే అయిపాయ" అన్నాడు.

"ఎవురికి చేయబోయి ఎవురికి చేసినావో చూసుకోప్పా" అని కసిరి పెట్టేశాను. మళ్ళీ మోగింది. తియ్యలేదు. తీస్తే నిజమవుతుందేమోనని భయం. బొరుగులు నీళ్ళలోనే మెత్తబడి ముద్దయిపోయాయి. వాటినే చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు. ఇది రాస్తున్నప్పుడు కూడా సందులో చెప్పుల చప్పుడైతే తల ఎత్తుతున్నాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

అక్క అంటే నా తోడబుట్టినది కాదు, మా ఎదురింటి మనిషి. బెంగుళూరులో ఏళ్ళ తరబడి నగల షోరూములకూ చీరల షోరూములకూ లోపలి అలంకరణ చేసింది. గోడకు ఏ రంగు, దీపం ఏ ఎత్తున, మనిషి ఎటు నడవాలి, ఇదీ ఆమె పని. "కొననోళ్ళను బయటికి పంపే గదులు చేసి చేసి యాష్టకొచ్చిందే" అని ఒకరోజు పెట్టె సర్దుకుని, తాడిపత్రి దగ్గర యాడికి అనే ఊరి పక్కనున్న మా ఊరికి, తాను పుట్టిన ఇంటికి వచ్చేసింది.

అప్పటికి మా పాత రోడ్డు పాడుబడి ఉంది. బైపాస్ పడ్డాక బస్సులు ఊరి బయటినుంచే పోతున్నాయి. బస్సు ఆగని చోట బేరం ఎక్కడిది? వరుసగా మూడు అంగళ్ళు మూతపడ్డాయి. ఒకటి సైకిళ్ళది, ఒకటి విత్తనాలది, చివరిది నా గాజుల అంగడి. మూడింటికీ యజమాని ఒక్కడే. ఆయన కూడా వాటి ముఖం చూడడం మానేశాడు. అచ్చిరాని అంగళ్ళని పేరు పడిపోయాక ఎవరు తీసుకుంటారు? షట్టర్ల ముందు కుక్కలు పడుకునేవి.

వాటిని ఊరందరూ కూర్చునే చోటు చేస్తానని అక్క అన్నప్పుడు నేనే మొదట ఎగతాళి చేశాను. "పంటలు లేక సగం మంది బెంగుళూరుకు కూలికి పోతాంటే, ఈడ కూచునేదానికి ఎవురుండారక్కా?" అన్నాను. "ఉండేటోళ్ళకే చేస్తా. పోయినోళ్ళు వస్తే వాళ్ళూ కూచుంటారు" అంది.

ఆమె పని చేసే పద్ధతి వేరు. కాగితం మీద గీసి చూపిస్తే మనకు ఎక్కదని ఆమెకు తెలుసు. అందుకే ముగ్గుపిండి తెచ్చి, కట్టబోయేది ఎంత ఉంటుందో అంతా అంగళ్ళ ముందు రోడ్డు మీదనే గీసింది. ఇక్కడ అరుగు, ఇక్కడ పుస్తకాలు, ఇక్కడ చెక్కభజన వాళ్ళు ఎగరడానికి ఖాళీ. అందులో నడిచి చూడండి, కూర్చుని చూడండి, వద్దన్న గీత చెరిపేద్దాం అని ఆమె ఉద్దేశం. పాపం, ఆ రోజు అమావాస్య అని ఆమెకు గుర్తులేదు.

తెల్లారేసరికి ఊరంతా గుప్పుమంది. చుక్కల్లేవు, పువ్వుల్లేవు, అన్నీ అడ్డగీతలు, నిలువుగీతలు. అదీ పాడుబడ్డ అంగళ్ళ ముందు! "ఎవురో చేతబడి చేసిపెట్టినారు, తొక్కినారంటే రక్తం కక్కుకోని పోతారు" అని ముసలామె ఒకతె వీధి వీధికీ చెప్పి వచ్చింది. ఇంకేముంది, ఒక్కరు కూడా ఆ రోడ్డున నడిస్తే ఒట్టు. బిందెలు పట్టుకున్న ఆడవాళ్ళు, బడి పిల్లలు, మేకలు తోలుకుపోయేవాళ్ళు అందరూ అంగళ్ళ వెనకసందులోంచే తిరిగారు. గీసింది ఎవరో తెలిసి కూడా నేనూ చీర ఎత్తిపట్టుకుని వెనకనుంచే పోయాను. ఎందుకొచ్చిన గొడవ!

ఇంకొకరైతే మీ ఊరికో దండమని బస్సెక్కేవాళ్ళు. అక్క మాత్రం వెనకసందులో గోడకానుకుని పొద్దంతా చూస్తూ నిలబడింది. మధ్యాహ్నం మూడింటికి కూడా అక్కడ నీడ ఉంది. కొళాయి అక్కడే ఉంది. బిందె నిండేదాకా ఆడవాళ్ళు నిలబడి కష్టం సుఖం చెప్పుకునేదీ అక్కడే. ముందు రోడ్డున అయితే టీ హోటలు మగవాళ్ళ చూపులు దాటుకుని రావాలి. సాయంత్రం మా ఇంటికి వచ్చి పడీ పడీ నవ్వింది. "వాకిలి యాడ పెట్టాల్నో మీరే చూపించినారు కదే! ఎనక పెడతాండా" అంది.

యజమాని ఒప్పుకుంటాడా? "ఎనక వాకిలి అచ్చిరాదమ్మా" అని తల అడ్డంగా ఊపాడు.

"ముందర వాకిలి పెట్టుకొని నీకేమచ్చొచ్చిందన్నా?" అంది అక్క, ఠక్కున.

అంత గట్టి మనిషి ఫక్కున నవ్వేశాడు. "ఏమన్నా చేసుకోపో తల్లీ" అన్నాడు. ఆ ఒక్క మాట మీదే నడిమి గోడలు రెండూ పోయాయి, సందువైపు వాకిలి లేచింది. కప్పు పైన సున్నం కొట్టించి, కప్పు కింద గోనెపట్టా బిగించింది. వేసవిలో నిప్పులగుండంలా ఉండే అంగళ్ళు కూర్చోదగ్గ చోటయ్యాయి. ఈ చివరినుంచి ఆ చివరిదాకా బండలతో ఒకటే అరుగు కట్టించింది. "కుర్చీలేస్తే ఎవురు పైన, ఎవురు కింద అని చూస్తారు. అరుగుకు ఆ పంచాయితీ లేదు" అనేది. నిజమే. ఎస్సీ కాలనీ పెద్దాయన, రెడ్ల ఇంటి ముసలాయన ఒకే బండమీద కూర్చుని వేరుశనక్కాయలు వలుచుకుంటూ వాదులాడుకోవడం ఈ కళ్ళతో చూశాను.

ఏదైనా కొత్తది పెట్టిన రోజు ఆమెకొక అలవాటు. ఒక ముసలిమనిషినీ ఒక పిల్లనూ తెచ్చి అక్కడ కూర్చోబెట్టి తాను దూరంగా పోయేది. "కూచున్నోళ్ళు ఊరికే లేసిపోకుంటే అది మంచి గది. మనం పొగుడుకుంటే కాదు." వాళ్ళు లేచి వెళ్ళిపోతే మర్నాడు ఆ పని మళ్ళీ మొదటికి వచ్చేది. వడ్రంగి తల పట్టుకునేవాడు.

నా అంగడి మూతపడ్డాక గాజుల బీరువాలను మేకల కొట్టంలో పడేశాను. అక్క వెతుక్కుంటూ పోయి, దుమ్ము దులిపి, ఒక్క అద్దం కూడా మార్చకుండా తెచ్చి పుస్తకాలు పెట్టింది. వాటి పక్కన నా కుట్టుమిషను వేయించింది. "నీ అంగడి యాడికీ పోలేదు, కొంచెం పెద్దదయ్యింది, అంతే" అంది. ఆ రోజు నేను సిగ్గు లేకుండా ఏడ్చాను. ఇంట్లో ముడుచుకుని పడివున్న నన్ను మళ్ళీ నలుగురిలో కూర్చోబెట్టిన మనిషి ఆమె. ఇంకెవరున్నారు నాకు అంత మాట చెప్పేవాళ్ళు?

మూడో దినం అక్కను పూడ్చిన చోట పాలు పోసి వచ్చాక ఎవరూ పిలవకుండానే అందరం అక్కడికే చేరాం. అప్పుడు యజమాని వచ్చి సందువైపు వాకిట్లో నిలబడ్డాడు.

"గోడౌనుకు అడుగుతాండారమ్మా. గోడలు మల్లా కట్టిస్తే బాడుగిస్తారంట" అన్నాడు నేల చూస్తూ. "ఆయమ్మ ముఖం చూసి ఇచ్చినా. ఇప్పుడు ఎవురి ముఖం చూసేది, నువ్వే చెప్పు."

నాకు ఒళ్ళు మండిపోయింది. మట్టి ఇంకా ఆరనైనా లేదు! "మా ముఖాలు చూడన్నా! ఇంతమందిమి ఉండాం, కనపడల్యా నీకు? లోపలికొచ్చి చూడు. చూసినాక గోడే కట్టుకుంటావో, మమ్మల్నే ఎళ్ళగొడతావో నీ ఇష్టం!" అని అరిచాను.

ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. గోడలు తీసేశాక ఆయన లోపల అడుగుపెట్టడం అదే మొదలు. అరుగు మీద కొంచెం జరిగి చోటిచ్చారు. కూర్చున్నాడు. బీరువా కింద నేలమీద పిల్లలు రాసుకుంటున్నారు. చెక్కభజన గురువు చెక్కలు ఒళ్ళో పెట్టుకుని ఊరికే ఉన్నాడు. ఎవరో ఇచ్చిన టీ తాగి, యజమాని చాలాసేపు అట్లాగే కూర్చుండిపోయాడు.

లేచేటప్పుడు, "గోడ కట్టన్లే. ఉండుకోండి" అన్నాడు. వాకిలి దాకా పోయి వెనక్కి తిరిగాడు.

"అవునమ్మా, ఆయమ్మ యాడ కూచుంటాండె?"

చెప్పబోయి ఆగిపోయాను. కిటికీ దగ్గరా? అక్కడ పిల్లలు కూర్చుంటారు. అరుగు చివరా? అది ముసలివాళ్ళది. నా మిషను పక్కన చాలాసార్లు ఉండేది, కానీ నిలబడే మాట్లాడేది. గురువు వైపు చూశాను. ఆయన పక్కవాళ్ళ వైపు చూశాడు. పిల్లలు రాయడం ఆపి తలలు ఎత్తారు. ఆమె కూర్చున్న చోటు కోసం అందరం ఆ గదిని ఈ మూలనుంచి ఆ మూలదాకా వెతుకుతున్నాం. ఆయన ద్వారబంధం మీద చెయ్యి పెట్టి, మా జవాబు కోసం అట్లాగే నిలబడి ఉన్నాడు.